నర్సమ్మ ట్యాబు - లక్ష్మి కార్డు

శ్రావణమాసం. బుధవారం. పొద్దున పదిగంటలయ్యింది. అంగన్‌వాడీ కేంద్రం ముందు వేపచెట్టు కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. కొందరి ఒళ్ళో పసిపిల్లలున్నారు. కొందరు గర్భిణులు. నర్సమ్మ వచ్చింది. చేతిలో టీకామందుల పెట్టె వుంది. భుజానికి సంచి వుంది. సంచిలో రెండు లావుపాటి రిజిస్టర్లున్నాయి. వాటి పక్కనే పలకలాంటి వస్తువు ఒకటి వుంది.

ఏమిటా పలక? దాన్ని ట్యాబు అంటారు. అది పెద్ద సెల్‌ఫోను లాంటిదే. మన పలక మీద బలపంతో రాస్తాం. దీని మీద వేలితో రాస్తారు. మన పలక మీద రాసింది చేత్తో తుడిస్తే పోతుంది. దీని మీద రాసింది ఢిల్లీ దాకా పోతుంది.

ఈ పాఠంలో లక్ష్మి అనే అమ్మాయి వుంది. ఆమె తోడికోడలు సుబ్బమ్మ వుంది. సుబ్బమ్మ మనలాగే పెద్దయ్యాక చదువు నేర్చుకుంది. ఈ పేర్లు మేం పెట్టినవే. కాని ఇలాంటి లక్ష్మి మీ వీధిలో కూడా వుండవచ్చు.

లక్ష్మికి అయిదో నెల నడుస్తోంది. ఇదే మొదటి కాన్పు. మూడో నెల దాటకముందే నర్సమ్మ దగ్గర పేరు రాయించాలి. అత్త వద్దంది. "ముందే నలుగురికీ చెబితే దిష్టి తగులుతుంది" అంది. అందుకే ఆలస్యమయింది.

నర్సమ్మ ట్యాబు తెరిచింది.

"చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా?"

లక్ష్మి తల వంచుకుంది. అత్త జవాబు చెప్పింది.

"ఉగాదికి ముందేనమ్మా. ఏదో ఒకటి రాసుకో."

"ఏదో ఒకటి రాస్తే ఎలా పెద్దమ్మా? తారీఖు కావాలి. తారీఖు వెయ్యకపోతే ఇది ముందుకు పోదు."

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. పాత రిజిస్టరులో అయితే 'ఉగాదికి ముందు' అని రాసుకోవచ్చు. లేదా ఆ గడి ఖాళీగా వదిలెయ్యవచ్చు. కాగితం ఊరుకుంటుంది. ట్యాబు ఊరుకోదు. తారీఖు వేసేదాకా తరువాతి ప్రశ్నకు పోనివ్వదు. అది మంచిదే. ఖాళీలు వుండవు. కాని బయట ఇంకా ముప్పైమంది కూర్చున్నప్పుడు ఏం జరుగుతుంది? నర్సమ్మ ఒక తారీఖు అనుకుని వేస్తుంది. 'మార్చి 10' అని వేసిందనుకోండి. అప్పుడు ఖాళీ లేదు. తప్పు మాత్రం వుంది. ఖాళీ అయితే చూడగానే కనబడుతుంది. తప్పు కనబడదు.

నర్సమ్మ మార్చి 10 అని వెయ్యబోయింది. సుబ్బమ్మ పక్కనే వుంది. లక్ష్మి ఆమె చెవిలో ఏదో చెప్పింది.

"ఉగాదికి ముందు కాదంట సిస్టరమ్మా. శ్రీరామనవమి రోజంట. నిజమే. ఆ రోజు మేమంతా పందిట్లోకి పోయాం. ఇది రాలేదు. ఇంట్లోనే వుండిపోయింది."

కాలెండరు చూశారు. ఆ ఏడు నవమి ఏప్రిల్ 6న వచ్చింది.

కాన్పు తారీఖు ఎలా లెక్కకడతారో తెలుసా? చివరి నెలసరి మొదలైన రోజు తీసుకోవాలి. దానికి తొమ్మిది నెలలు కలపాలి. ఆపైన ఏడు రోజులు కలపాలి. మార్చి 10 అయితే కాన్పు డిసెంబరు 17కు వస్తుంది. ఏప్రిల్ 6 అయితే జనవరి 13కు వస్తుంది. దాదాపు నాలుగు వారాల తేడా! సరిగ్గా ఆ రోజే కాన్పవుతుందని కాదు. కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది. కాని డాక్టరు ఈ లెక్కతోనే బిడ్డ ఎదుగుదల చూస్తుంది. నెలలు నిండాయా లేదా అన్నది దీనితోనే తేలుస్తుంది. నవమి పందిరి సంగతి ట్యాబుకు తెలియదు. లక్ష్మికి తెలుసు. లక్ష్మి నోరు తెరిస్తేనే ట్యాబుకు తెలుస్తుంది.

ఈ ట్యాబు ఎక్కడనుంచి వచ్చింది?

పూర్వం అన్నీ రిజిస్టర్లే. ఒక ఆరోగ్య ఉపకేంద్రం కింద మైదానంలో 5,000 మంది వుంటారు. కొండ ప్రాంతాల్లో 3,000 మంది వుంటారు. ఇది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. అంతమందిలో ఎవరు గర్భిణి, ఏ బిడ్డకు ఏ టీకా పడింది, ఇదంతా నర్సమ్మ రాసిపెట్టేది. నెలాఖరుకు మొత్తం కూడి పైకి పంపేది. పైవాళ్ళకు అంకెలే చేరేవి. 'గర్భిణులు 42' అని తెలిసేది. ఆ 42 మందిలో లక్ష్మి ఎవరో తెలిసేది కాదు.

2009లో కేంద్ర ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి తల్లినీ, ప్రతి బిడ్డనూ పేరుతో నమోదు చెయ్యాలన్నారు. తరువాత 2016లో ట్యాబులు వచ్చాయి. ఈ ట్యాబులో వుండే పద్ధతికి 'అన్‌మోల్' అని పేరు. హిందీలో ఆ మాటకు వెలకట్టలేనిది అని అర్థం. ఇది మొదట మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలయింది. సిగ్నలు లేనిచోట కూడా ఇందులో రాసుకోవచ్చు. సిగ్నలు వచ్చాక అంతా పైకి పోతుంది. నమోదైన ప్రతి తల్లికీ 12 అంకెల నంబరు ఒకటి వస్తుంది.

రిజిస్టరు ఏ తప్పూ చెయ్యలేదా? చేసింది. చెదలు తిన్నాయి. వానకు తడిసిపోయాయి. నర్సమ్మకు బదిలీ అయితే కొత్తామెకు పాతామె రాత అర్థమయ్యేది కాదు. కాబట్టి పాతదే మేలు అని మేం అనడం లేదు.

మళ్ళీ వేపచెట్టు కిందికి పోదాం.

"ఫోను నంబరు చెప్పండి."

అత్త వెంటనే కొడుకు నంబరు చెప్పింది. లక్ష్మి భర్త బెంగుళూరులో తాపీపనికి పోయాడు. లక్ష్మికి సొంత ఫోను లేదు. మన దేశంలో చాలామంది ఆడవాళ్ళకు లేదు. 2019-21లో ప్రభుత్వం జరిపిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ సంగతి అడిగారు. నూటికి సుమారు 54 మంది ఆడవాళ్ళే తాము వాడుకునే ఫోను వుందని చెప్పారు.

ఈ నంబరు ఎందుకు? 2016లో 'కిల్కారి' అనే ఏర్పాటు మొదలయింది. కిల్కారి అంటే పసిబిడ్డ కేరింత. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికోసారి ఫోను వస్తుంది. ఏ నెలలో ఏం తినాలి, ఏ టీకా ఎప్పుడు వేయించాలి, ప్రమాద సూచనలు ఏమిటి, ఇవన్నీ ఒక గొంతు చెబుతుంది. మొత్తం 72 ఫోన్లు. డబ్బులు పడవు. తెలుగులో కూడా తయారుచేశారు. పెద్ద ఫోను అక్కరలేదు. మీటల ఫోనయినా చాలు. చదువు రానివాళ్ళు కూడా వినవచ్చు.

మంచి ఏర్పాటే. కాని లక్ష్మికి రావలసిన ఫోను ఎక్కడికి పోయింది? బెంగుళూరులో కట్టే మేడ మీదికి పోయింది. భర్త చేతులకు సిమెంటు. ఎవరిదో కొత్త నంబరు. కట్ చేశాడు. మరుసటి వారం కూడా అంతే. పై కంప్యూటరులో మాత్రం 'ఈ గర్భిణికి ఫోను చేశాం' అని వుంటుంది.

ఆ రోజే లక్ష్మి వేలికి సూది గుచ్చి రక్తం చూశారు. నర్సమ్మ తల్లీబిడ్డల కార్డు మీద 6.8 అని రాసింది. గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ 11 వుండాలి. 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. మాత్రలతోనే సరిపెట్టుకోకూడదు. డాక్టరు చూడాలి. రక్తహీనత మన దగ్గర ఎంత మామూలయిపోయిందంటే, పైన చెప్పిన సర్వేలోనే దేశంలో నూటికి 52 మంది గర్భిణులకు వున్నట్టు తేలింది. అందుకే 'కళ్ళు తిరుగుతున్నాయి' అంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. 'మాకూ తిరిగాయి' అంటారు. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కొంచెం ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

నెల తిరిగింది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు గర్భిణులను చూస్తారు. ఈ పద్ధతి 2016లో మొదలయింది. ఆశా కార్యకర్త ముందురోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగింది. ప్రమాదం వున్న గర్భిణుల లిస్టు ఆమె చేతిలో వుంది. మూడిళ్ళ దగ్గర ఆగింది. లక్ష్మి ఇంటి ముందు ఆగలేదు.

సుబ్బమ్మ వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది.

"ఏం వదినా, మా లక్ష్మిని రేపు తీసుకుపోవా?"

"లక్ష్మి పేరు లిస్టులో లేదు వదినా. పైనెల చూపిద్దాంలే."

"అదేమిటి? దానికి రక్తం 6.8 అని కార్డులో వుంది. 7కు తక్కువైతే డాక్టరు చూడాలని అంగన్‌వాడీ గోడ మీద కాగితంలో చదివాను."

"లిస్టు కంప్యూటరు ఇచ్చింది వదినా. నేను రాసింది కాదు."

"లిస్టులో లేకపోతే ఒంట్లో రక్తం వున్నట్టా?"

ఆశా నిలబడిపోయింది. ఆమెకు ఆ మాట సబబనిపించింది. ఇద్దరూ కార్డు తీసుకుని నర్సమ్మ దగ్గరికి పోయారు. నర్సమ్మ ట్యాబు తెరిచింది. లక్ష్మి పేరు నొక్కింది. హిమోగ్లోబిన్ గడిలో 8.6 అని వుంది.

కార్డులో 6.8. ట్యాబులో 8.6. రెండంకెలూ అవే. చోటు మారింది. అంతే.

నర్సమ్మ ముఖం పాలిపోయింది. "ఆ రోజు రాత్రి ఇంటికి పోయాక ఎక్కించాను" అంది. ఆమెను తిట్టాలా? మేమయితే తిట్టం. ఒకే అంకెను ఆమె మూడుచోట్ల రాస్తుంది. కార్డులో, రిజిస్టరులో, ట్యాబులో. పగలు మనుషులతో సరిపోతుంది. రాత్రి వంటయ్యాక, పిల్లలు పడుకున్నాక ట్యాబు ముందు కూర్చుంటుంది. ట్యాబు వస్తే రిజిస్టర్లు పోతాయని అనుకున్నారు. చాలాచోట్ల రెండూ మిగిలాయి. పని తగ్గించడానికి వచ్చిన వస్తువు పని పెంచితే తప్పులు రాక ఏమవుతాయి? కంప్యూటరు తప్పు చెయ్యలేదు. 8.6 అని చెబితే 8.6 అనుకుంది. 7 పైన వున్నవాళ్ళను ఆ లిస్టులో వెయ్యవద్దని దానికి నేర్పారు. వెయ్యలేదు.

నర్సమ్మ అక్కడే దిద్దింది. మరునాడు లక్ష్మిని ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేయించింది. 6.7 వచ్చింది. పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ సెలైనులో కలిపి నరం ద్వారా ఐరను ఎక్కించారు. విడతలు విడతలుగా ఎక్కించారు. దాంతోపాటు ఆకుకూరలు, పప్పు, గుడ్డు తినమన్నారు. రెండు నెలలకు 9 దాటింది.

అడగడం వల్ల మారిన సంగతులు ఇంతకంటే పెద్దవి కూడా వున్నాయి. కరోనా టీకాలు గుర్తున్నాయా? 2021 జనవరి 16న మొదలయ్యాయి. కోవిన్ అనే పద్ధతిలో పేర్లు నమోదు చేశారు. మే 1 నుంచి 18 ఏళ్ళు నిండినవారికి కూడా వేస్తామన్నారు. కాని 45 ఏళ్ళలోపువాళ్ళు ముందుగా ఫోనులో పేరు రాయించుకోవాలన్నారు. అదీ ఇంగ్లీషులో! పెద్ద ఫోను వున్న పట్నం కుర్రాళ్ళు పల్లెలో ఖాళీలు చూసుకుని కార్లలో వచ్చి వేయించుకుపోయారు. ఆ పల్లెలో కూలికి పోయేవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. దేశమంతటా గొడవయింది. ఫోను లేనివాడికి టీకా లేదా అని అడిగారు. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వచ్చినవారికీ వెయ్యవచ్చన్నారు. మే 31న సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి మీద ప్రశ్నలు వేసింది. జూన్‌లో కోవిన్ తెలుగుతో సహా మన భాషల్లోకి వచ్చింది. జూన్ 21 నుంచి పెద్దవాళ్ళెవరైనా నేరుగా పోయి ఉచితంగా వేయించుకునే వీలు కలిగింది. మొదట ఒక ఫోను మీద నలుగురి పేర్లే పట్టేవి. 2022 జనవరిలో ఆరుగురికి పెంచారు. ఆరుగురున్న ఇంట్లో ఒకే ఫోను వుంటుందని కంప్యూటరు కట్టినవాళ్ళకు అప్పటికి తెలిసిందన్నమాట.

2021లోనే మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లను తిరిగి అప్పజెప్పారు. ఫోన్లు సరిగా పనిచెయ్యడం లేదన్నారు. పిల్లల వివరాలు ఇంగ్లీషులో రాయమంటే మా వల్ల కాదన్నారు. పనిచేసేవాళ్ళను అడగకుండా తయారుచేస్తే అలాగే అవుతుంది.

ఇక లక్ష్మి సంగతి. ఏడో నెలలో సీమంతం చేశారు. పుట్టింటికి పోవాలి. మన ఇళ్ళలో మొదటి కాన్పు పుట్టింట్లోనే గదా! ఇక్కడే చాలా పేర్లు తప్పిపోతాయి. ఎలాగంటారా? లక్ష్మి పేరు అత్తగారి ఊళ్ళో నమోదయింది. పుట్టింటి ఊరు వేరే మండలం. అక్కడి నర్సమ్మకు ఈమె కొత్త. కార్డు తీసుకుపోకపోతే ఆమె మళ్ళీ మొదటినుంచీ రాస్తుంది. అప్పుడు కంప్యూటరులో ఇద్దరు లక్ష్ములు తయారవుతారు. ఒకామె అయిదో నెలలో కనబడి మాయమయింది. ఇంకొకామె ఎనిమిదో నెలలో ఊడిపడింది. రక్తం తక్కువైందన్న సంగతి మొదటి లక్ష్మి దగ్గరే వుండిపోతుంది. కాన్పు రెండో లక్ష్మికి అవుతుంది. డబ్బు కూడా చిక్కుల్లో పడుతుంది. మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు. నమోదు వివరాలు సరిపోతేనే ఆ డబ్బు బ్యాంకులో పడుతుంది.

సుబ్బమ్మ సారె మూటలో అన్నిటికంటే పైన కార్డు పెట్టింది. లోపల 12 అంకెల నంబరు వుందో లేదో చూసింది. లేదు! ఆ గడి ఖాళీగా వుంది. నర్సమ్మను అడిగి తానే రాసింది. ఒక్కొక్క అంకె పైకి చదువుతూ రాసింది. నర్సమ్మ ట్యాబులో చూస్తూ తల వూపింది.

ఈ మధ్య ఇంకో నంబరు కూడా వచ్చింది. దాని పేరు ఆభా. దానికి 14 అంకెలు. 2021లో దేశమంతటా మొదలుపెట్టారు. మన జబ్బుల వివరాలు, పరీక్షల కాగితాలు ఏ ఆసుపత్రిలో వున్నా దీనితో కలుపుకోవచ్చు. ఇది ఇష్టమైతేనే తీసుకోవాలి. బలవంతం లేదు. దీన్ని తీసుకునేటప్పుడు మన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని బ్యాంకులో చెబుతారు. మరి నర్సమ్మ అడిగితే? మన ఎదుట కూర్చుని, ఎందుకో చెప్పి, ఆ పని అప్పుడే చేస్తుంటే అది వేరు. ఫోనులో ఎవరో 'ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం' అంటే చెప్పవద్దు. ఎందుకో చెప్పమని నర్సమ్మను అడగడం కూడా తప్పు కాదు.

ట్యాబులో గడి లేని సంగతులు మాత్రం ఇంకా చాలా వున్నాయి. లక్ష్మి గుడ్డు తినడానికి అత్త ఒప్పుకుంటుందా? రాత్రిపూట నొప్పులొస్తే తోడు పోయేదెవరు? వాగు పొంగితే బండి వస్తుందా? వీటికి గళ్ళు లేవు. ఇవన్నీ ఆశాకు తెలుసు. ఆమె చిన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంటుంది. వాగు అవతలి ఇళ్ళ గర్భిణులను వారం ముందే ఇవతలికి తెచ్చేది ఆ పుస్తకం చూసే.

పుట్టింటికి పోయే ముందు లక్ష్మి ఒక పని అడిగింది. "నా నంబరు మార్చండి" అంది. నర్సమ్మ భర్త నంబరు తీసేసింది. లక్ష్మి తల్లి ఫోను నంబరు వేసింది. మీటల ఫోను. కొన్నాళ్ళకు ఒక పొద్దున అది మోగింది. తల్లి ఎత్తింది. ఎవరో తెలియని గొంతు. "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆ గొంతు ఆగకుండా చెప్పుకుపోతోంది. లక్ష్మి పరుగున వచ్చి ఫోను అందుకుంది. అమ్మకూ వినపడేలా మీట నొక్కింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఇద్దరూ కదలలేదు.